కండక్టరమ్మతో చదరంగం

జూన్ 3, సోమవారం

ఈ రోజు నన్ను కిటికీ పక్క కుర్చీకి మార్చారు. తలుపు దగ్గరి కుర్చీ మెషీన్ మొరాయించిందట. డయాలిసిస్ మొదలైనప్పటినుంచి అక్కడ ఎవరితోనూ మాట్లాడే అవసరం పడలేదు. సూదులు గుచ్చగానే కళ్ళు మూసుకుంటే నిద్రపోయాననుకుని వదిలేసేవాళ్ళు. కిటికీ పక్కన ఆ సుఖం లేదు. పక్క కుర్చీలో ఓ పెద్దావిడ. సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైందట. మనిషి రిటైరైంది గాని గొంతు కాలేదు.

మా ఇద్దరి మధ్య మందుల ట్రాలీ, దాని మీద ఆవిడ చదరంగం బోర్డు.

“ఆడతావా అబ్బాయ్?”

“రాదండీ.”

“రానివాళ్ళే కావాలి నాకు. వచ్చినవాళ్ళతో ఆడితే ఓడిపోతాను.”

ఏది ఎలా కదులుతుందో చెప్పింది. గుర్రం సంగతి రెండుసార్లు చెప్పించుకున్నాను. లిఫ్టు కంట్రోల్ ప్యానెల్ విప్పి మళ్ళీ బిగించే మెకానిక్‌ని, ఈ చెక్క ముక్కలు ఓ లెక్కా అనుకున్నాను. ఆవిడ ఎత్తు వేసిన ప్రతిసారీ “రైట్ రైట్” అంటుంది. నా ముక్కని తీసినప్పుడు “టికెట్!” అంటుంది. నేనింకా బంట్లని ముందుకు తోస్తూ ఉండగానే ఆవిడ మంత్రి వచ్చి నా రాజు ఎదుట కూర్చుంది. వెనక శకటు కాపలా.

“ఆఖరి స్టాపు. దిగాలి,” అంది.

కాలక్షేపానికి పనికొస్తుంది. అంతకుమించి ఏం లేదు.

జూన్ 5, బుధవారం

ఓడాను. మళ్ళీ ఓడాను.

జూన్ 7, శుక్రవారం

ఓడాను. కాలక్షేపమే కదా.

జూన్ 8, శనివారం

బజారుకి వేరే పని మీద వెళ్ళి చదరంగం పుస్తకం ఒకటి కొన్నాను. కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసమట. అట్ట మీద ఓ పిల్లాడు నవ్వుతూ ఉన్నాడు. ఆ అట్ట కనపడకుండా పేపరు చుట్టాను.

మా ఆవిడ తను పనిచేసే కళ్ళద్దాల షాపు నుంచి రాగానే చూసింది. “ఎవరికి?” అంది. “ఆఫీసులో ఒకాయన పిల్లాడికి,” అన్నాను. ఎందుకలా అన్నానో తెలియదు.

చెల్లి ఫోన్ చేసింది. ఫోను ఛార్జింగ్‌లో ఉంది.

జూన్ 12, బుధవారం

ఈ రోజు బాగా ఆడుతున్నాను అనుకుంటుండగా మంత్రి పోయింది. ఆవిడ గుర్రం ఒక్క గంతులో నా రాజుకి చెక్ పెట్టి, అదే గంతులో నా మంత్రి మీదా కన్నేసింది. రాజుని జరపక తప్పదు, మంత్రి పోకా తప్పదు. పోయింది.

“సరే, ఇంక అయిపోయింది,” అని రాజుని పడుకోబెట్టాను.

“అదేంటయ్యా? స్టాపు రాకముందే దిగిపోతావేంటి?”

“మంత్రి పోయాక ఇంకేముందండీ?”

“రెండు ఏనుగులున్నాయి, శకటు ఉంది, బోలెడు బంట్లున్నాయి. ఎవరి సొత్తనుకున్నావవి?”

ఆవిడకేం, గెలుస్తోంది కాబట్టి చెబుతుంది. గెలిచేటప్పుడు ముక్కుతో ఏదో కూనిరాగం కూడా తీస్తుంది. పెద్దమనిషి కదా అని ఊరుకున్నాను. కోపం ఏమీ రాలేదు.

జూన్ 14, శుక్రవారం

మళ్ళీ గుర్రమే. అదే గంతు. పుస్తకంలో ఆ గంతు గురించి ఓ పేజీ ఉంది. నిన్నే చదివాను. అయినా చూడలేదు. అది గుర్రం కాదు, శని.

చెల్లి ఫోను. సూదులు గుచ్చి ఉన్నప్పుడు ఎలా మాట్లాడతాను? తర్వాత చేద్దామనుకున్నాను.

జూన్ 17, సోమవారం

ఇది రాయకూడదనుకున్నాను. ఎవరు చూస్తారులే.

ఈ రోజు నేనే ముందున్నాను. ఆవిడ ఏనుగు ఒకటి నా చేతికొచ్చింది. నాకు మనసులో ఎంత సంతోషం కలిగిందంటే, నర్సుని పిలిచి చూపించాలనిపించింది. ఆ సంతోషంలోనే ఎత్తు వేసేశాను. నా రాజు తన బంట్ల వెనక, ఆఖరి వరసలో కూర్చుని ఉన్నాడు. ఆవిడ మిగిలిన ఏనుగుని నిదానంగా ఈ చివరినుంచి ఆ చివరికి జరిపి, “హోల్డాన్!” అంది. రాజుకి ముందుకెళ్ళడానికి తన బంట్లే అడ్డు.

ఆవిడ కూనిరాగం మొదలుపెట్టింది.

బోర్డుని తోసేశాను. తోయడమేంటి, విసిరేశాను. ముక్కలు నేల మీదా, మెషీన్ల కిందా పడ్డాయి. ఆ ఊపులో సూదులున్న ఎడమ చెయ్యి మడిచాను కాబోలు, నా మెషీన్ కుయ్యోమని అరిచింది. నర్సు పరుగెత్తుకొచ్చింది.

“చిన్నపిల్లాడివా? సూది ఊడొస్తే రక్తం ఎంత పోతుందో తెలుసా నీకు?”

అవతలి కుర్చీలవాళ్ళందరూ తలలెత్తి చూశారు. కండక్టరమ్మ మాత్రం నా వైపు చూడలేదు. ఆయా ఏరి తెచ్చిన ముక్కల్ని పెట్టెలో ఒక్కొక్కటే సర్దుకుంది. ఒక తెల్ల గుర్రం దొరకలేదు. ఆయాని ఇంకోసారి వెతకమని అడగనుకూడా లేదు. పెట్టె మూసేసి టీవీ వైపు తిరిగింది.

జూన్ 19, బుధవారం

ఆవిడ టీవీ చూసింది. నేను సీలింగు చూశాను.

జూన్ 21, శుక్రవారం

సీలింగు.

జూన్ 24, సోమవారం

సీలింగు మీద తేమ మరక ఒకటి ఉంది. ట్రాలీ మీద బోర్డు లేదు. నాకేం బాధ లేదు. నిజానికి ప్రశాంతంగా ఉంది. నాలుగు గంటలు ఇంత పొడుగుంటాయని మర్చిపోయాను, అంతే.

జూన్ 25, మంగళవారం

ఆఫీసు. జబ్బు పడ్డాక నన్ను లిఫ్టు గుంటల్లోకి దిగనివ్వడం లేదు. ఫోన్ల గదిలో కూర్చోబెట్టారు. లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్ళు లోపలి బొత్తం నొక్కితే ఆ గొంతు నా చెవిలో పడుతుంది. ఈ ఉద్యోగం గురించి రాయాలంటేనే చిరాకు. కాని ఈ రోజు ఒకటి జరిగింది.

ఒకావిడ ఫోను. వయసులో చిన్నదే అనుకుంటాను. “లిఫ్టు ఆగిపోయింది, తలుపు లాగుతున్నాను, రావట్లేదు, ఊపిరాడట్లేదు” అని ఒకటే ఏడుపు.

“ముందు తలుపు మీద నుంచి చెయ్యి తియ్యండమ్మా.”

“తెరుచుకోవట్లేదు!”

“తెలుసు. అందుకే తియ్యమంటున్నాను. లోపలికి గాలి వస్తూనే ఉంటుంది, భయం లేదు. చెయ్యి తీశారా?”

“తీశాను.”

“చేతులు రెండూ వెనక్కి కట్టుకోండి. ఇప్పుడు మీ ఎదురుగా ఏమేం ఉన్నాయో పైనుంచి కిందికి ఒక్కొక్కటే చెప్పండి. దేన్నీ ముట్టుకోకండి.”

ముక్కు ఎగబీలుస్తూ చెప్పుకుంటూ వచ్చింది. అంకెల దీపం వెలుగుతోందట. ఫ్యాను తిరుగుతోందట. బొత్తాలన్నీ మామూలుగానే ఉన్నాయట. “కింద ఒక ఎర్రది మాత్రం లోపలికి పోయి ఉంది,” అంది. భుజాన ఉన్న సంచి తగిలి ఆపే బొత్తం నొక్కుకుపోయింది.

“దాన్ని కుడివైపు కాస్త తిప్పండి.”

లిఫ్టు కదిలింది. ఆవిడ నవ్వూ ఏడుపూ కలిపి థాంక్స్ చెప్పింది.

నేను పనిలో చేరిన కొత్తలో మా ఫోర్మన్ ఇదే చెప్పేవాడు. ప్యానెల్ తెరవగానే స్క్రూడ్రైవర్ పట్టుకుని ఎగబడేవాణ్ణి. చేతి మీద ఒక్కటిచ్చేవాడు. “చేతులు కట్టుకుని చూడరా ముందు. కళ్ళకి కరెంటు కొట్టదు.”

అంతమందికి ఫోనులో చెప్పే మనిషిని, బోర్డు ముందు ఏం చేస్తున్నాను? ఆవిడ ఎత్తు వేసీవేయకముందే నా చెయ్యి ముక్క మీద ఉంటోంది.

జూన్ 26, బుధవారం

“మొన్న నేను చేసింది తప్పు పెద్దమ్మా,” అన్నాను. పెద్దమ్మ అని ఎందుకొచ్చిందో నోట్లోంచి, వచ్చేసింది.

“తప్పుల సంగతి తర్వాత. నా తెల్ల గుర్రం పోయింది. దాని సంగతి చెప్పు.”

లిఫ్టు తలుపుకి వాడే ఇత్తడి నట్టు ఒకటి జేబులోంచి తీసి ఇచ్చాను. నిన్ననే స్టోరులో అడిగి తీసుకున్నాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఇది గుర్రమా?”

“మీరు గుర్రమంటే గుర్రమే.”

“నువ్వు ఆడేదాన్ని చదరంగం అన్నప్పుడు, ఇదీ గుర్రమే,” అని ట్రాలీ దగ్గరికి లాక్కుంది.

ఆట మొదలుకాగానే నా కుడిచెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను. ఎడమ చెయ్యి ఎలాగూ సూదులతో కదలదు.

“ఏంటయ్యా, దురదా?”

“లేదండీ. చూస్తున్నాను.”

ఆవిడ గుర్రం ఎక్కడెక్కడికి గెంతగలదో కళ్ళతోనే ఒక్కొక్క గడీ తడిమాను. అప్పుడే చెయ్యి తీశాను. ఓడిపోయాను. అయితే ఆట అయ్యేసరికి నర్సు రెండుసార్లు బీపీ చూసి వెళ్ళింది. ఇంతసేపు నేను ఎప్పుడూ నిలవలేదు.

జూలై 3, బుధవారం

చెయ్యి తొడ కింద తిమ్మిరెక్కింది. ఓడాను. గుర్రం వల్ల మాత్రం కాదు.

జూలై 5, శుక్రవారం

ఈ రోజు చెయ్యి పెట్టుకోవడం మర్చిపోయాను. మంత్రి పోయింది. దరిద్రం. నేర్చుకున్నది నిన్నటిదాకా ఉంటుంది, ఈ రోజు ఉండదు. మళ్ళీ మొదటికొచ్చాను. పుస్తకం బీరువా మీద పడేశాను.

జూలై 6, శనివారం

పుస్తకం కిందికి దించాను.

జూలై 14, ఆదివారం

బోర్డొకటి కొనుక్కొచ్చి మా ఆవిడకి ఆట నేర్పాను. ఆఫీసులో ఒకాయన పిల్లాడి పుస్తకం ఇంకా మనింట్లోనే ఉందేమిటని అడగలేదు. అంత మంచిది.

రెండో ఆటలోనే తన బంటు ఒకటి నా శకటుని కొట్టేసింది. నేను చూడలేదు. “ఛ!” అని బల్ల మీద గుద్దాను. మంచినీళ్ళ గ్లాసు ఎగిరిపడింది.

ఆమె తడిసిన బల్ల తుడుస్తూ, నిదానంగా అంది. “ఈ చెక్క ముక్క పోతే ఇంత ఉలిక్కిపడతావు. మీ చెల్లి అక్కడ రోజూ ఫోను పట్టుకుని కూర్చుంటోంది. దానికి ఉలకవు, పలకవు.”

“అది వేరు.”

“ఏం వేరు?”

“నేను వద్దని ముందే చెప్పాను. దాని కిడ్నీ నాకొద్దు. ఇద్దరు పిల్లల తల్లి. పొద్దున్న లేస్తే కొలనులో పదిమందికి ఈత నేర్పుతుంది. కోయించుకుని మంచాన పడమంటావా?”

“వద్దనే హక్కు నీకుంది, కాదనను. మాట్లాడకుండా ఉండే హక్కు ఎవరిచ్చారు? దానికి నువ్వు అన్నయ్యవి. అది మర్చిపోయి, నువ్వేదో త్యాగం చేస్తున్నట్టు తిరుగుతున్నావు.”

బోర్డు అలాగే వదిలేసి బయటికి వెళ్ళి రెండు వీధులు నడిచి వచ్చాను. వచ్చేసరికి ముక్కలు అక్కడే ఉన్నాయి. తన ఎత్తు వేసి పెట్టింది. నా ఏనుగు కూడా పోయేలా ఉంది.

జూలై 19, శుక్రవారం

సూదులు గుచ్చాక కండక్టరమ్మ అంది. “ఫోను మోగుతోందయ్యా. ఎత్తవేం?”

“చెల్లి.”

“పోట్లాటా?”

చెప్పాను. అంతా చెప్పలేదు. మొదటి పరీక్షలు చేశారనీ, చెల్లి కిడ్నీ నాకు సరిపోతుందనీ, నేను వద్దన్నాననీ చెప్పాను. పిల్లల సంగతి, ఈత సంగతి చెప్పాను.

ఆవిడ బంటుని ఒక గడి జరిపింది. రైట్ రైట్ అనలేదు.

“మా చిన్నబ్బాయి ఇస్తానన్నాడు నాకు. డాక్టర్లు నా గుండె చూసి, నువ్వు ఆ ఆపరేషన్‌కి ఆగవమ్మా అన్నారు. అంటే నాది నేను వద్దన్నది కాదు. వాళ్ళు వద్దన్నది. నీకు?”

“నాకు చెయ్యొచ్చట.”

“మరి నీకేంటి?”

“దానికి పిల్లలున్నారు పెద్దమ్మా.”

“నిన్ను అడిగిందా? అన్నయ్యా, నా పిల్లల గురించి కాస్త నువ్వు ఆలోచించి పెట్టు అని అడిగిందా?”

నా ఏనుగుని కదిపాను. చూడకుండా కదిపాను. “టికెట్,” అంది ఆవిడ, మెల్లగా.

మనుషులు అనవసరమైన విషయాల్లో తల దూరుస్తారు. కోపం రాలేదు. వచ్చింది.

జూలై 22, సోమవారం

ఆవిడ రాలేదు. కుర్చీలో వేరెవరో.

జూలై 24, బుధవారం

రాలేదు. నర్సుని అడిగాను. మెడ దగ్గరి డయాలిసిస్ పైపుకి చీము పట్టిందట, జ్వరమట, పైన వార్డులో చేర్చారట. ఎలా ఉందంటే, “చూస్తున్నారు,” అంది. ఆ మాట నాకు నచ్చదు.

జూలై 25, గురువారం

ఆఫీసు నుంచి నేరుగా వార్డుకి వెళ్ళాను. నిద్రపోతోంది. గొంతు లేకపోతే మనిషి ఇంత చిన్నదని ఎప్పుడూ అనిపించలేదు. చిన్నబ్బాయి కాబోలు, తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. నాకంటే పెద్దవాడే. “మీరేనా లిఫ్టాయన?” అన్నాడు. “అమ్మ మీ గురించే చెబుతుంది. ఈ మధ్య కాస్త ఆలోచించి ఆడుతున్నారట.”

ఇంటికొచ్చి చెల్లికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. కొలనులో ఉండి ఉంటుంది. రెండోసారి చేయలేదు.

చేయాల్సింది.

ఆగస్టు 2, శుక్రవారం

వచ్చింది! చక్రాల కుర్చీలో తోసుకొచ్చారు. చిక్కిపోయింది. నన్ను చూడగానే, “నా సీటు ఎవరికైనా అమ్మేశావేమో అనుకున్నాను,” అంది. బోర్డు తన సంచిలోనే ఉంది.

నీరసంగా ఉన్నావు, ఈ రోజు వద్దు పెద్దమ్మా అన్నాను.

“నీరసం కాళ్ళకి. చేతులకి కాదు.”

చేతులకి కాదని రుజువు చేసింది. ఓడాను. సంతోషంగా ఓడడం అనేది ఒకటుంటుందని నాకు తెలియదు.

ఆగస్టు 9, శుక్రవారం

ఈ రోజు జరిగింది వివరంగా రాయాలి.

మొదట్లోనే ఏనుగు పోయింది. తర్వాత మంత్రులు రెండూ కొట్టుకుని పోయాయి. ఆపైన ఆవిడ బంటొకటి పరుగెత్తి అవతలి చివరికి చేరి మళ్ళీ మంత్రి అయ్యింది. నాకు మిగిలింది రాజు, ఒక్క బంటు. ఆ బంటుకి ఎదురుగా ఆవిడ బంటు గోడలా నిలబడి ఉంది. ఇదివరకైతే ఎప్పుడో రాజుని పడుకోబెట్టి కళ్ళు మూసుకునేవాణ్ణి. ఈ రోజు కూడా చెయ్యి అటు వెళ్ళింది. తొడ కిందికి తోశాను.

ఆవిడ కూనిరాగం తీస్తోంది. నేను రాజుని మూలకి జరిపాను. పుస్తకంలో ఇలాంటి బొమ్మ ఒకటి చూశాను. అవుతుందని కాదు. అవకూడదనీ లేదు.

ఆవిడ మంత్రిని దగ్గరికి తెచ్చి, “హోల్డాన్!” అంది.

చూశాను. మళ్ళీ చూశాను. రాజుకి చెక్ లేదు. కాని పక్క గళ్ళన్నీ ఆవిడ మంత్రివే. నా బంటు కదలదు. వేయడానికి నాకు ఎత్తే లేదు.

“పెద్దమ్మా, ఇది డ్రా.”

“ఏంటీ?”

“చెక్ లేకుండా కదల్లేకపోతే డ్రా అట.”

“ఎవడన్నాడు? మా డిపోలో కదల్లేకపోతే ఓడినట్టే! ఇన్నేళ్ళు డ్రైవర్లందరితో ఆడాను, నాకు చెబుతావా?”

“రూలండీ.”

“నా మంత్రి ఉంది, నీ దగ్గర బొచ్చె కూడా లేదు. డ్రా ఏంటయ్యా డ్రా?”

గది మొత్తం మా వైపే చూస్తోంది. టెక్నీషియన్ తన ఫోనులో వెతికి, చదివి వినిపించాడు. డ్రాయే. ఆవిడ ఫోనుని లాక్కుని తనే కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదువుకుంది. తిరిగి ఇచ్చేసింది. మొహం టీవీ వైపు తిప్పేసింది. నర్సు వచ్చి ఆవిడ బీపీ చూసి, “ఏం చేశావు ఈవిడని?” అంది నాతో.

కాసేపయ్యాక, ఇటు తిరక్కుండానే, “చూసే ఆడావా? గుడ్డిగా తగిలిందా?” అంది.

“చూసే ఆడాను.”

“ఊఁ,” అంది.

గెలవలేదు. ఓడలేదు. బస్సులో ఇంటికొస్తూ కిటికీలో నా మొహం చూసుకుంటే, నవ్వుతూ ఉన్నాను.

ఆగస్టు 14, బుధవారం

చెల్లి వచ్చింది. చెప్పకుండా నేరుగా డయాలిసిస్ గదికే. నేను లేచి పారిపోలేని చోటు చూసుకుని వచ్చింది. మా ఆవిడే చెప్పి ఉంటుంది. స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది. జుట్టు ఇంకా తడిగానే ఉంది, కొలను వాసన.

కండక్టరమ్మ బోర్డు సంచిలో పెట్టేసుకుని, దుప్పటి మొహం మీదికి లాక్కుంది. వినడానికే అని నాకు తెలుసు.

“ఫోన్ ఎత్తితే నేను తినేస్తానా అన్నయ్యా?”

“అది కాదే.”

“వద్దనుకుంటే వద్దని చెప్పు. నా మొహం చూసి చెప్పు. ఛార్జింగ్‌లో ఉంది, చేతికి సూది ఉంది, ఇవన్నీ ఎందుకు?”

నోటికొచ్చిన జవాబు ఒకటి ఉంది. ఎప్పుడూ చెప్పేదే. పిల్లలు, ఈత, బావ, మంచం. చెప్పబోయి ఆగాను. దాని మొహం చూశాను. ఇన్ని నెలల్లో సరిగ్గా చూడలేదు. కళ్ళ కింద నల్లగా ఉంది.

“నీకు భయం లేదా?” అన్నాను.

“ఉంది,” అంది. “కత్తంటే భయం. మత్తు నుంచి లేవనేమో అని భయం. చిన్నది రాత్రి నన్ను వెతుక్కుంటుందేమో అని భయం. ఇవేవీ ఎవరికీ చెప్పలేదు. నువ్వు అడుగుతావని చూశాను. అడగకుండానే నువ్వే భయపడి, నువ్వే తీర్పు చెప్పేసి కూర్చున్నావు.”

“భయం ఉంటే మరి ఎందుకే?”

“భయం ఉన్నంత మాత్రాన మానేస్తామా? నా దగ్గరికి ఈతకి వచ్చేవాళ్ళందరూ భయంతోనే వస్తారు.” మెషీన్‌లో తిరుగుతున్న నా రక్తం వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకుంది. “నా భయం నన్ను పడనీ. నాకు సమాధానాలు చెప్పడానికి డాక్టర్లున్నారు. నువ్వు నాతో రా, చాలు. విన్నాక కూడా వద్దంటే, సరే, ఇంక అడగను.”

“వస్తాను,” అన్నాను.

అది ఏడ్చింది. నేనూ. దుప్పటి కిందనుంచి ముక్కు చీదిన శబ్దం వినిపించింది.

ఆగస్టు 28, బుధవారం

డాక్టరు దగ్గరికి వెళ్ళాం. నన్ను బయట కూర్చోబెట్టి చెల్లితో విడిగా మాట్లాడారు. దానికి ఇష్టం లేకపోతే అక్కడే చెప్పేయొచ్చట. నాకు మాత్రం అసలు కారణం చెప్పకుండా, పరీక్షల్లో ఏదో కుదరలేదంటారట. అలాంటి ఏర్పాటు ఉంటుందని నాకు తెలియదు. బెంచీ మీద కూర్చుని, అది వద్దంటే బాగుండుననీ, అనకపోతే బాగుండుననీ ఒకేసారి అనుకున్నాను. బావ నా పక్కనే కూర్చున్నాడు. గోళ్ళు కొరుకుతున్నాడు. “అది ఒకసారి అనుకుందంటే...” అని, మాట మధ్యలో ఆపేశాడు.

బయటికొచ్చి, “కోలుకున్నాక ఈత మళ్ళీ నేర్పొచ్చటరా అన్నయ్యా,” అంది. చిన్నప్పుడు సంతోషం వస్తే నన్ను రా అనేది.

సరే అన్నాను.

సెప్టెంబరు 13, శుక్రవారం

పరీక్షలు. మళ్ళీ పరీక్షలు. చదరంగంలో ఓడాను.

సెప్టెంబరు 27, శుక్రవారం

ఓడాను. కాని ఆవిడ కూనిరాగం తీయలేదు. ఆట మధ్యలో ఒకచోట చాలాసేపు ఆలోచించింది. నా ఎత్తు మీద ఆవిడ ఆలోచించడం!

అక్టోబరు 16, బుధవారం

డ్రా. ఈసారి రూలు గురించి గొడవపడలేదు. “దొంగ,” అంది.

నవంబరు 1, శుక్రవారం

ఇక్కడ ఇదే చివరి రోజు. సోమవారం చేర్చుకుంటారు, ఆపరేషన్‌కి ముందు డయాలిసిస్ అక్కడే. మంగళవారం ఆపరేషన్. కండక్టరమ్మకి చెప్పాను. “ఓహో,” అని బోర్డు సర్దింది.

ఆవిడ నాకు వదిలేస్తుందేమోనని భయపడ్డాను. పోయేవాడు కదా అని. అలాంటిదేం లేదు. మొదటి నుంచీ మీదపడింది. నా శకటు ఒకటి పోయింది. పాత కోపం కడుపులోంచి లేచింది. తెలుస్తోంది, వస్తోందని. రానిచ్చాను. చెయ్యి తొడ కిందే ఉంచి, అది తగ్గేదాకా బోర్డు చూస్తూ కూర్చున్నాను. తగ్గింది. అప్పుడు కనిపించింది. నా శకటుని తీయడానికి వెళ్ళిన ఆవిడ మంత్రి ఇంటికి దూరంగా ఉంది. ఆవిడ రాజు ఒంటరిగా ఉన్నాడు.

నా గుర్రం గెంతింది. చెక్. రాజు పక్కకి జరిగాడు. గుర్రం ఇంకోసారి గెంతి రాజు మీదా, మంత్రి మీదా కన్నేసింది. జూన్‌లో నన్ను ఏడిపించిన గంతే. మంత్రి పోయింది.

ఆవిడ ఎత్తులు వేస్తూనే ఉంది. ఓడినట్టు ఒప్పుకోలేదు. చివరికి నా ఏనుగులు రెండూ ఆవిడ రాజుని ఒక వరస, ఒక వరస తోసుకుంటూ పోయాయి. ఇంక ఒక్క ఎత్తు మిగిలింది. నేను ఆగాను.

“ఏం చూస్తున్నావు? వెయ్యి.”

“మీకు తెలిసిపోయింది కదా పెద్దమ్మా.”

“తెలిస్తే? పూర్తిగా వెయ్యి. సగంలో వదిలేస్తే ఊరుకోను.”

వేశాను. చెక్‌మేట్.

ఆవిడ బోర్డుని చాలాసేపు చూసింది. తన రాజు చుట్టూ ఉన్న ఒక్కొక్క గడి మీదా వేలు పెట్టి, దారి లేదని తేల్చుకుంది. తర్వాత ట్రాలీ మీదుగా చెయ్యి చాపింది. నా కుడిచెయ్యి తిమ్మిరెక్కి ఉంది. అలాగే అందించాను. ఆవిడ చెయ్యి చల్లగా ఉంది, పట్టు మాత్రం గట్టిది.

“ఇంక ఇక్కడికి రాకు,” అంది.

“చూడ్డానికి వస్తాను.”

“చూడ్డానికి రా. ఈ కుర్చీలోకి రాకు. కనపడ్డావంటే తంతాను.”

నర్సు వచ్చి సూదులు తీసింది. ఆవిడ టైము ఇంకా మిగిలే ఉంది. నేను తలుపు దాకా వెళ్ళి వెనక్కి చూశాను. బోర్డు మీద ఆట అలాగే ఉంది, తీయలేదు. తను ఎక్కడ ఓడిపోయిందో వెతుకుతోంది.

నవంబరు 4, సోమవారం

చెల్లి ఎదురు గదిలో ఉంది. పిల్లలు వచ్చి వెళ్ళారు. చిన్నది నా మంచం ఎక్కి, “అమ్మది నీకు పెడతారా?” అంది. అవునన్నాను. “జాగ్రత్తగా వాడుకో,” అంది.

నాకు భయంగా ఉంది. చెల్లికి ఆ మాట చెప్పాను. తనకీ ఉందంది. ఇద్దరం కూర్చుని భయపడ్డాం కాసేపు.

నవంబరు 11, సోమవారం

ఇన్నాళ్ళూ పెన్ను పట్టుకునే ఓపిక లేదు. అక్షరాలు వంకరగా వస్తున్నాయి.

పని చేస్తోంది. డాక్టరు సంచీలోకి దిగిన మూత్రం చూసి, బంగారం చూసినట్టు చూశాడు. మా ఆవిడ దాన్ని ఫోటో తీస్తానంది. వద్దని బతిమాలుకున్నాను.

చెల్లి ఇప్పుడే వచ్చింది. కుట్లున్న పక్కని చేత్తో పట్టుకుని, గోడ ఆనుకుంటూ, తనంతట తనే నడుచుకుంటూ. మొహం పాలిపోయి ఉంది, తిట్టే ఓపిక మాత్రం ఉంది. కుర్చీలో మెల్లగా కూర్చుని, “ఏం రాస్తున్నావు?” అంది.

“ఏం లేదు.”

“నా గురించేనా?”

“కొంచెం.”

“అయితే అది పక్కన పెట్టు. నేను ఎదురుగా ఉన్నాను కదా, నాతో చెప్పు.”

పెడుతున్నాను.